240 రొయ్యలు, డీ విలువ 0.07: నార్మల్ సరిపోయినట్టేనా?

ముందు ప్రశ్నను కుదించి చెబుతాను. అల్లూరు వైపు ఒక రొయ్యల గుంటలో నాలుగుసార్లు విసురువల వేసి, పడ్డవాటిలో 240 వనామీ రొయ్యల్ని ఒక్కొక్కటిగా తూచారు. కాటా ఒక గ్రాము మెట్టుది. సగటు 20 గ్రాములు, ప్రామాణిక విచలనం 3 గ్రాములు. ఆ రెండంకెలతో నార్మల్ విభాజనం అమర్చి కోల్మొగొరోవ్–స్మిర్నోవ్ (కేఎస్) పరీక్ష చేస్తే డీ 0.07, పీ విలువ 0.19 వచ్చాయి. (ఒక్కో బరువు దాకా ఎంత వాటా రొయ్యలున్నాయో చూపేది సంచిత వక్రం; దత్తాంశం వక్రానికీ నార్మల్ వక్రానికీ మధ్య అతి పెద్ద ఎడం డీ. నార్మల్ నిజమే అయినా అంత ఎడమో ఇంకా పెద్దదో రావడానికి ఉన్న అవకాశం పీ విలువ.) కేఎల్ (కుల్‌బాక్–లీబ్లర్) దూరం, అంటే నిజమైన విభాజనం బదులు అంచనాను వాడితే ఎంత సమాచారం పోతుందో చెప్పే కొలత, లెక్క కడితే అనంతం వచ్చింది. నార్మల్ చాలా, లాగ్‌నార్మల్‌కి (బరువుల లాగ్‌లు నార్మల్ అయ్యే విభాజనానికి) పోవాలా? ఇదొకటి. 200 సీడు పిల్లల ఒత్తిడి పరీక్షలో పిల్లకు 2 శాతం చావు అవకాశం అనుకుంటే, ఎన్ని చస్తాయో చెప్పడానికి ద్విపద విభాజనం బదులు దాని ఉజ్జాయింపైన పాయిజాన్ వాడితే తప్పు ఎంత? ఇది రెండోది.

మొదటిదానికి నా జవాబు: ఆ 0.19 చూసి నార్మల్ నెగ్గిందనుకోకండి. అలాగని ఓడిందనీ అనుకోకండి. మీ 0.07లో చాలావరకు రొయ్యలది కాదు, కాటాది.

పీ విలువ సంగతి ముందు తేల్చుకుందాం. సాఫ్ట్‌వేర్ వాడిన కోల్మొగొరోవ్ పట్టిక, పోల్చే విభాజనం దత్తాంశాన్ని చూడకముందే పూర్తిగా తెలుసు అన్న షరతు మీద నిలబడింది. ఆ షరతు కింద 5 శాతం హద్దు 1.36ని 240 వర్గమూలంతో భాగిస్తే వచ్చేది, అంటే 0.088. మీ 0.07 దానికి లోపలే ఉంది కాబట్టి పాస్ అంది. కానీ సగటూ విచలనమూ మీరు అదే 240 నుంచి తీశారు. చొక్కా కొలతలు ఆ మనిషివే తీసుకుని కుట్టి, వేసుకున్నాక సరిపోయిందని ఆశ్చర్యపడినట్టు. సగటు, విచలనం రెండూ శాంపిల్ నుంచే అంచనా వేసినప్పుడు హద్దు ఎంత ఉండాలో లిల్లిఫోర్స్ 1967లో పట్టిక వేశాడు: 5 శాతానికి 0.886ని, 1 శాతానికి 1.031ని ఎన్ వర్గమూలంతో భాగించాలి. మీకు అవి 0.057, 0.067. ఆ లెక్కన మీ 0.07 ఒక శాతం స్థాయిలో కూడా ఫెయిలే. ఒకే అంకె, ఒక పట్టికలో హాయిగా పాస్, ఇంకోదాంట్లో గట్టిగా ఫెయిల్.

ఇక్కడే ఆగి నార్మల్‌ను పారేసేవాళ్లు చాలామంది. అదీ తొందరే. కాటా 20 చూపించిన రొయ్య నిజం బరువు 19.5కీ 20.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి 20 దగ్గర మీ సంచిత నిష్పత్తి 20.5 దాకా ఉన్న రొయ్యలన్నిటినీ కలుపుకుంటుంది. అమర్చిన నార్మల్ వక్రం మాత్రం 20 దాకానే లెక్కేస్తుంది. విచలనం 3 ఉన్న నార్మల్‌లో నడిమి ఒక గ్రాము వెడల్పులో 0.133 సంభావ్యత పడుతుంది, అందులో సగం 0.066. అంటే గుంటలోని బరువులు అచ్చం నార్మల్ అయినా సరే, ఒక గ్రాము కాటాతో తూస్తే డీ 0.066 దగ్గర మొదలవుతుంది. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉంటే టైలు (ఒకే విలువ పదేపదే రావడం) ఉన్నాయన్న హెచ్చరిక వచ్చే ఉంటుంది, దాన్ని దాటేసి ఉంటారు.

చిత్రమేమంటే ఇదే కాటా సగటునూ విచలనాన్నీ దాదాపు ముట్టుకోదు. గ్రాముకు సర్దడం వల్ల విస్తృతికి (విచలనం వర్గానికి) చేరేది పన్నెండో వంతు, 9 కాస్తా 9.083 అవుతుంది, విచలనం 3.014. పట్టించుకోనక్కర్లేదు. సంచిత వక్రాల మధ్య అతి పెద్ద ఎడాన్ని వెతికే కొలతకు మాత్రం అది ప్రాణాంతకం. కొలత పరికరం మెట్టు ఎంత అన్నది తెలుసుకోకుండా డీ విలువను చదవకండి.

సరిచేసే పద్ధతి కష్టమేమీ కాదు. రెండు వక్రాల్నీ అర గ్రాము హద్దుల దగ్గర మాత్రమే పోల్చండి: 12.5, 13.5, 14.5 అలా. అక్కడ రెండూ ఒకే రొయ్యల్ని లెక్కిస్తాయి. తర్వాత హద్దు కోసం పట్టికలు వెతక్కుండా అనుకరణ చేయండి. అమర్చిన నార్మల్ నుంచి 240 విలువలు తీయండి, గ్రాముకు సర్దండి, వాటి సగటూ విచలనమూ మళ్లీ కొత్తగా అంచనా వేయండి, అర గ్రాము హద్దుల మీద డీ లెక్కించండి. ఇది వెయ్యిసార్లు. మీ డీ కన్నా పెద్దవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి ఒకటి కలిపి 1001తో భాగిస్తే అదే పీ విలువ. మధ్యలో మళ్లీ అంచనా వేసే మెట్టును వదిలేస్తే లిల్లిఫోర్స్ చూపిన తప్పు మళ్లీ వెనక్కొస్తుంది. జనం ఎక్కువగా వదిలేసేది కూడా దాన్నే.

ఇంత చేసినా పీ విలువ చెప్పేది తేడా కంటికి ఆనుతోందా లేదా అన్నంతవరకే. తేడా ఎంత పెద్దది అన్నది దానికి తెలియదు. 30 రొయ్యలు తూస్తే లిల్లిఫోర్స్ హద్దు 0.16, దాదాపు ఏదైనా పాస్. 10,000 తూస్తే హద్దు 0.009, ఏదీ పాస్ కాదు. గుంట అదే, రొయ్యలవే.

అందుకని ఎంత దగ్గర అని అడిగేముందు దేనికి దగ్గర అని అడగాలి. మీకు కావలసింది కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, అనుకుంటున్నాను. సగటు 20 గ్రాములంటే కిలోకి 50 కౌంటు. ఇదే సగటు, ఇదే విచలనం ఉన్న లాగ్‌నార్మల్‌ను నార్మల్ పక్కన పెట్టి చూడండి. లాగ్‌నార్మల్ మధ్యగతం 19.78 గ్రాములు, లాగ్ విచలనం 0.149. ఈ రెంటి మధ్య కేఎస్ దూరం 0.03. కంటితో చూస్తే ఒకే వక్రం. 25 గ్రాములు దాటినవి, అంటే 40 కౌంటు కన్నా పెద్దవి, నార్మల్ ప్రకారం 4.8 శాతం, లాగ్‌నార్మల్ ప్రకారం 5.8. పరవాలేదు. 70 కౌంటు కన్నా చిన్నవి, అంటే 14.3 గ్రాముల లోపువి, నార్మల్‌లో 2.8 శాతం, లాగ్‌నార్మల్‌లో 1.5. ఇక్కడికే రెట్టింపు తేడా. 30 కౌంటు సైజు, 33.3 గ్రాములు దాటినవి, లక్ష రొయ్యలకు నార్మల్ అర రొయ్య ఇస్తుంది, లాగ్‌నార్మల్ 23 ఇస్తుంది. యాభై రెట్లు దాకా.

సగటు కౌంటు మాత్రమే కావాలంటే ఈ రెండింట్లో ఏదైనా ఒకటే, అసలు విభాజనమే అక్కర్లేదు, మొత్తం బరువును మొత్తం సంఖ్యతో భాగిస్తే చాలు. (ఒక్కో రొయ్యకీ వెయ్యిని బరువుతో భాగించి ఆ కౌంట్ల సగటు తీయకండి. లాగ్‌నార్మల్ అయితే అది 50కి బదులు 51.1 వస్తుంది. గుంట మారలేదు, లెక్క మారింది.) సైజు వారీగా వేరు చేసి అమ్మే ఆలోచన ఉంటే మాత్రం తోకలే ముఖ్యం, కేఎస్ తోకల్ని సరిగా చూడదు. తోకల దగ్గర రెండు సంచిత వక్రాలూ సున్నాకో ఒకటికో అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి అక్కడ పెద్ద ఎడం రావడానికి చోటే లేదు. ఆండర్సన్–డార్లింగ్ కొలత తోకలకు బరువెక్కువ ఇస్తుంది, పరీక్షే కావాలంటే అది నయం. నా మట్టుకు క్యూ–క్యూ పటం (వరసలో పెట్టిన బరువుల్ని, అమర్చిన విభాజనం ప్రకారం ఆ స్థానాల్లో ఉండాల్సిన బరువులతో పోల్చేది) గీసి, అనుకరించిన 19 శాంపిళ్ల పటాలు పక్కన పెట్టి, మీది ఆ ఇరవైలో విడిగా కనిపిస్తోందా అని చూడటం ఏ ఒక్క అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. పీ–పీ పటం (బరువుల బదులు సంచిత నిష్పత్తుల్ని పోల్చేది) వద్దు. కేఎస్‌కి ఉన్న గుడ్డితనమే దానికీ ఉంది.

ఇప్పుడు మీ అనంతం. కుల్‌బాక్, లీబ్లర్ 1951లో ఇచ్చిన ఈ కొలతకు దిక్కు ఉంది. మొదట నిజం, తర్వాత దాని అంచనా. నిజంలో ఉన్నదానికి అంచనా సున్నా ఇచ్చినప్పుడే అనంతం వస్తుంది. నార్మల్ ఎక్కడా సున్నా కాదు, కాబట్టి దత్తాంశాన్ని మొదట, నార్మల్‌ను తర్వాత ఇస్తే అనంతం రాకూడదు. మీరు తిరగేశారు. హిస్టోగ్రామ్‌లో ఖాళీగా ఉన్న తరగతి అంచనా స్థానంలోకి వచ్చింది. సైపై అనే పైథాన్ లైబ్రరీలో ఎంట్రపీ ఫంక్షన్‌కు మొదట ఇచ్చేది నిజం, రెండోది అంచనా. అది రెంటినీ మొత్తం ఒకటి అయ్యేలా చెప్పాపెట్టకుండా సర్దేస్తుంది కూడా, అందుకే తరగతి సంభావ్యతల బదులు పొరపాటున ముడి బరువులే ఇచ్చినా ఏదో ఒక అంకె తిరిగొస్తుంది, తప్పని తెలియదు. అంచనా వైపు తరగతి సంభావ్యతల్ని సాంద్రతతో కాకుండా సంచిత విలువల తేడాతో తీయండి.

అనంతం తప్పించుకోవడానికి ఖాళీ తరగతిలో చిన్న అంకె చేర్చడం ఒక అలవాటైపోయింది. తిరగేసిన లెక్కలో 0.01 సంభావ్యత ఉన్న తరగతికి పదికోట్లలో వంతు చేర్చితే దాని వంతు 0.138, పదిలక్షల్లో వంతు చేర్చితే 0.092. జవాబు రొయ్యల నుంచి కాక మీరు టైపు చేసిన సున్నాల నుంచి వస్తోందన్నమాట. దానికన్నా తోక తరగతుల్ని కలిపి, ఒక్కోదాంట్లో కనీసం అయిదు రొయ్యలు ఆశించేలా చేయండి.

దిక్కు మారితే విలువ ఎంత మారుతుందో చూడండి. సగటు ఒకటే, నిజం విచలనం 3, అంచనా విచలనం 6 అయితే కేఎల్ 0.318. నిజం 6, అంచనా 3 అయితే 0.807. ఉన్నదానికన్నా ఇరుకైన అంచనాను కేఎల్ ఎక్కువగా శిక్షిస్తుంది. మీకు మొదటి దిక్కే కావాలి.

సరే, సరైన దిక్కులో 12 తరగతులు చేసి 0.02 వచ్చిందనుకుందాం. అది చిన్నదా, పెద్దదా? నార్మల్ నూటికి నూరుపాళ్లు నిజమైనా సున్నా రాదు, శాంపిల్ ఊగిసలాట ఉంటుంది. కేఎల్‌ను రెండు రెట్ల ఎన్‌తో గుణిస్తే దాదాపు కై–వర్గ విభాజనం వస్తుంది. 12 తరగతులు, రెండు పరామితులు (సగటు, విచలనం) ముడి బరువుల నుంచి అంచనా వేస్తే స్వాతంత్ర్య సంఖ్య 9కీ 11కీ మధ్య ఎక్కడో ఉంటుంది, ఈ మెలికను చెర్నాఫ్, లేమన్ 1954లో చూపారు. కై–వర్గం సగటు ఆ స్వాతంత్ర్య సంఖ్యే, దాన్ని 480తో (రెండు రెట్ల 240తో) భాగిస్తే 0.019 నుంచి 0.023. అంటే మీ 0.02 వట్టి రొద. మొత్తం విచలన దూరానికీ ఇదే జబ్బు. తరగతుల నిష్పత్తుల తేడాల్ని గుర్తు తీసేసి కూడి సగం చేస్తే వచ్చే ఆ దూరం, ఏ సంఘటనకైనా రెండు విభాజనాలు ఇచ్చే సంభావ్యతల్లో గరిష్ఠ తేడా. అర్థం తేట, అందుకే నాకు ఇష్టం. కానీ 240 రొయ్యలు, 12 సమాన తరగతులు అయితే ఏ తప్పూ లేకపోయినా అది 0.08 దరిదాపుల్లో వస్తుంది. తరగతులు చేయకుండా ముడి శాంపిల్‌ను అవిచ్ఛిన్న విభాజనంతో పోలిస్తే ఎప్పుడూ 1 వస్తుంది, ఎంత మంచి అంచనా అయినా. ఒంగోలు రోజువారీ వానకు గామా విభాజనం ఒక్కదాన్నే అమర్చేవాళ్లూ ఇలాగే బోల్తా పడతారు: వాన పడని రోజుల వాటా ఎంతో దూరం కనీసం అంత, ఎందుకంటే గామా సున్నాకు ఏమీ ఇవ్వదు. సున్నాలకు విడిగా ఒక సంభావ్యత పెట్టి, తడి రోజులకే గామా అమర్చాలి.

దీన్ని బట్టి నార్మల్–లాగ్‌నార్మల్ వ్యవహారం ఎక్కడుందో చూడండి. నిజం లాగ్‌నార్మల్ అయితే నార్మల్‌కు కేఎల్ 0.0167. హిస్టోగ్రామ్ రొద 0.02. గాలివానలో గుసగుస. కానీ హిస్టోగ్రామ్‌ను పక్కనబెట్టి రెండు అభ్యర్థుల లాగ్ సంభావ్యతల్ని (ఒక్కోటి నిజమైతే ఈ బరువులే రావడానికి ఉన్న సంభావ్యత లాగ్‌ని) నేరుగా పోలిస్తే రొదలో ఎక్కువ భాగం రెండువైపులా ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. 240 రొయ్యలకు 0.0167 చొప్పున తేడా సగటున 4 వస్తుంది, ఊగిసలాట 3కి లోపు. తీర్పుకి చాలదు, మొగ్గు చెప్పడానికి చాలు. రెంటికీ పరామితులు రెండే కాబట్టి ఏఐసీ సర్దుబాటు (పరామితులు ఎక్కువున్నదానికి వేసే జరిమానా) కూడా అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: బరువులకు లాగ్ తీసి వాటికి నార్మల్ అమర్చి, ఆ లాగ్ సంభావ్యతను అలాగే మొదటిదాని పక్కన పెట్టకండి. బరువుల లాగ్‌ల మొత్తాన్ని దాన్నుంచి తీసేయాలి. మీ సంఖ్యలకు అది దాదాపు 716. మరిచిపోతే లాగ్‌నార్మల్ 700 పైచిలుకు తేడాతో గెలిచినట్టు కనిపిస్తుంది. అంత భారీ గెలుపు కనిపిస్తే సంబరపడకుండా ఈ తప్పు కోసం వెతకండి. గ్రాము కాటా కాబట్టి సాంద్రతకు బదులు అర గ్రాము హద్దుల మధ్య సంభావ్యతను వాడితే ఈ తలనొప్పే ఉండదు, మారకం దానంతటదే సర్దుకుంటుంది.

గుంట యజమానికి చెప్పాల్సి వస్తే ఇవేవీ కాకుండా వాసర్‌స్టైన్ దూరం చెప్పండి. రెండు సంచిత వక్రాల మధ్య వైశాల్యం అది, గ్రాముల్లోనే వస్తుంది. ఒక విభాజనాన్ని ఇంకోటిగా మార్చాలంటే ఒక్కో రొయ్య బరువును సగటున ఎన్ని గ్రాములు జరపాలి అన్నది దాని అర్థం. పై నార్మల్, లాగ్‌నార్మల్ మధ్య అది దాదాపు 0.2 గ్రాములు. 20 గ్రాముల రొయ్య మీద 0.2 అంటే ఎవరికైనా అర్థమవుతుంది. సైపై ఫంక్షన్‌కు బరువులే ఇవ్వాలి, తరగతుల నిష్పత్తులు ఇవ్వాలంటే వాటికి వేరే స్థానం ఉంది. హిస్టోగ్రామ్ ఎత్తుల్ని విలువల చోట ఇచ్చేసి అర్థం లేని అంకె తెచ్చుకునేవాళ్లు తక్కువేం కాదు.

విభాజనాల మధ్య దూరం అన్న ఆలోచనలో మన దేశం వాటా చిన్నది కాదు. భట్టాచార్య 1943లో తన దూరాన్ని, సి.ఆర్. రావు 1945లో ఫిషర్ సమాచారంతో (పరామితి గురించి దత్తాంశం ఎంత చెబుతుందో కొలిచేదానితో) కట్టిన దూరాన్ని ప్రకటించింది కలకత్తా గణిత సంఘం పత్రికలోనే. రావు బడి చదువులో కొంత మన గూడూరులో సాగింది. ఆ దూరం మీకు ఇక్కడ పనికొచ్చేది ఒక సంగతిలో: పరామితి కొంచెం మాత్రమే తప్పితే కేఎల్ ఆ తప్పు వర్గంతో, ఫిషర్ సమాచారంలో సగంతో పెరుగుతుంది. సగటును 0.3 గ్రాములు తప్పుగా అనుకుంటే కేఎల్ 0.005, 0.6 తప్పితే 0.02. తప్పు రెట్టింపైతే నష్టం నాలుగింతలు.

రెండో ప్రశ్న తేలిక, ఎందుకంటే అక్కడ రెండు విభాజనాలూ పూర్తిగా తెలుసు, శాంపిల్ రొద లేదు. 200 పిల్లలు, 0.02 అవకాశం, సగటు 4. లె కామ్ 1960లో ఇచ్చిన హద్దు ప్రకారం మొత్తం విచలన దూరం అవకాశాల వర్గాల మొత్తాన్ని, అంటే 0.08ని మించదు. బార్బర్, హాల్ 1984లో దాన్ని బిగించారు, అది 0.0196 ఇస్తుంది. విడివిడిగా లెక్కిస్తే అసలు దూరం 0.005. హద్దు అంటే ఇంతకు మించదన్న హామీ, అంచనా కాదు. ఇక్కడ అసలుకూ మొదటి హద్దుకూ పదహారు రెట్ల తేడా ఉంది. ఒక్కటీ చావకపోయే అవకాశం ద్విపదలో 0.0176, పాయిజాన్‌లో 0.0183. నార్మల్ ఉజ్జాయింపు, అర సర్దుబాటుతో కూడా 0.0385 ఇస్తుంది, రెట్టింపు పైన. కాబట్టి పాయిజాన్ నిక్షేపంగా వాడండి, నార్మల్ వాడకండి. అసలు ప్రమాదం వేరేచోట ఉంది: ఒకే తొట్టెలో, ఒకే నీళ్లలో ఉన్న పిల్లల చావులు స్వతంత్రంగా జరగవు. అప్పుడు ద్విపదే తప్పు. తప్పు విభాజనానికి 0.005 దూరంలో ఉన్నామని మురిసిపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. నాలుగైదు తొట్లలో చావుల విస్తృతి సగటుకన్నా బాగా ఎక్కువ వస్తుంటే, అలాంటి ఎక్కువ విస్తృతికి చోటిచ్చే రుణ ద్విపద విభాజనానికి పొండి.

ఇదే స్వతంత్రత గొడవ మీ 240కీ ఉంది. నాలుగు వలల్లో ఒక్కోదానికి 60. ఒక మూల వేసిన వలలో పడ్డవి ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఒకే వలలోని రొయ్యల మధ్య సహసంబంధం 0.05 మాత్రమే అనుకున్నా, 1కి 59 రెట్ల 0.05 కలిపితే 3.95, మీ 240 నిజానికి 61 స్వతంత్ర రొయ్యలతో సమానం. పైన చెప్పిన రొద అంకెలన్నీ 240 స్వతంత్రం అనుకుని కట్టినవి, మీ విషయంలో రొద ఇంకా ఎక్కువ. వల కన్నులోంచి జారిపోయిన చిన్న రొయ్యల సంగతి ఏ దూరమూ చెప్పలేదు. మీరు పోలుస్తున్నది వలలో పడ్డవాటి విభాజనంతో, గుంటలోదానితో కాదు.

అందుకని ఉన్న దత్తాంశం మీద అర గ్రాము హద్దుల లెక్క, లాగ్ సంభావ్యతల తేడా, క్యూ–క్యూ పటం చేసి పెట్టుకోండి. ఈసారి శాంపిల్ తీసేటప్పుడు అదే 240ని పన్నెండు వలలకు పంచండి, గుంట నాలుగు మూలలా, నడుమనా, ఏరేటర్ల దగ్గరా, దూరంగానూ, వలకు 20 చొప్పున. అదే 0.05 సహసంబంధానికి అవి 123 స్వతంత్ర రొయ్యలతో సమానం అవుతాయి, తూకం శ్రమ ఒకటే. కాటా 0.1 గ్రాము మెట్టుది తెచ్చుకోండి. డీలో దాని వంతు 0.066 నుంచి 0.007కి పడిపోతుంది. తూచేముందు నీళ్లు కారనివ్వడం మరవొద్దు, తడి రొయ్యకు అంటిన నీరు ఆ మెట్టుకన్నా ఎక్కువే ఉంటుంది. ఏ వలలో ఏ రొయ్యో విడిగా రాసుకోండి.